మూడో గదిలో దీపం

జూన్ 4

వదినగారికి,

ముందుగా నా అక్షరాలను, తప్పులను క్షమించండి. ఐదో తరగతితో బడి మానేశాను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. మీ మెషిను కుట్టులా నా వరసలు తిన్నగా రావు. పెళ్లిలో నేను మీతో రెండు మాటలైనా మాట్లాడలేదని మీరు అన్నారట, మీ తమ్ముడు చెప్పారు. పొగరు కాదు వదినా. మనుషుల ముందు నాకు గొంతు రాదు. కాగితం మీద కొంచెం నయం.

మేము క్షేమం. ఫారంవాళ్లు ఇచ్చిన ఇల్లు ఒకటే గది, ముందు చిన్న వరండా. మీ తమ్ముడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి తల్లి పందుల షెడ్డుకు వెళతారు. ఏ తల్లి ఏ పూట ఈనుతుందో చూసి చెప్పేస్తారని ఇక్కడ ఆయనకు పేరు.

నాకూ పని దొరికింది. ఒక పశువుల డాక్టరమ్మ వచ్చి ఫారంలో పరీక్ష పెడుతున్నారు. పందిపిల్లలకు మూడు వారాలకే పాలు మాన్పించాలా, నాలుగు వారాల దాకా ఆగాలా, తల్లి నుంచి విడదీశాక గదిలో లైటు ఎక్కువసేపు ఉంటే బాగా తింటాయా, తక్కువసేపు సరిపోతుందా, ఇదంతా తేల్చాలట. మొత్తం నాలుగు గదులు. మొదటి రెండింటిలో పొద్దున ఆరు నుంచి అర్ధరాత్రి దాకా లైటు. మూడు, నాలుగు గదుల్లో ఎనిమిదింటికి వేసి సాయంత్రం నాలుగింటికే ఆపేస్తారు. కిటికీలకు నల్లరేకు కొట్టారు. ఒకటి, మూడు గదుల్లో మూడు వారాల పిల్లలు, రెండు, నాలుగు గదుల్లో నాలుగు వారాల పిల్లలు ఉంటాయి. చీకటి గదుల లైట్లు ఆపడం మీ తమ్ముడి పని. రోజూ పొద్దున తొట్లలో మిగిలిన మేత తూచి రిజిస్టరులో రాయడం నా పని. అంకెలకు ఒత్తులుండవు కాబట్టి ఒప్పుకున్నాను.

అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఇంతటితో ఆపుతాను.

మీ మరదలు


జూన్ 11

మరదలికి,

నీ ఉత్తరం అందింది. ఒక్క పేజీ రాసి, దాని చుట్టూ నాలుగు వేళ్ల ఖాళీ వదిలావు. నేను గుడ్డ కత్తిరించేటప్పుడు అంత వదిలితే మా మేస్త్రీ ఆ సాయంత్రమే నన్ను పంపించేస్తాడు.

నాకు ఒత్తులతో పనిలేదు, కబుర్లతో పని. మా అమ్మ పోయినప్పుడు నీ మొగుడికి ఆరేళ్లు. వాడికి స్నానం పోసి, బడికి తోలి, జ్వరమొస్తే పక్కన కూర్చుని పెంచాను. ఇప్పుడు వాడు నాకు రాసే ఉత్తరం ఎంతో తెలుసా? "క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను." అంతే. కార్డులో మిగతా చోటంతా పోస్టువాడు ముద్ర కొట్టుకోవడానికి వదిలేస్తాడు. వాడు తింటున్నాడా, నవ్వుతున్నాడా, కోపం తగ్గిందా, నాకేమీ తెలియదు. పగలంతా మెషిన్ల హోరులో ఉంటాను. గదికి వచ్చాక మాట్లాడటానికి గోడలు తప్ప ఎవరున్నారు నాకు.

ఈసారి నాలుగు పేజీలకు తగ్గితే తిప్పి పంపించేస్తాను. ఏదీ దాచకుండా రాయి. మీ ఇద్దరి మధ్య ఎలా ఉందో కూడా రాయి.

అడుగుల చప్పుడు వినగానే ఎందుకు ఆపేశావు? ఎవరంటే భయం నీకు?

నీ వదిన


జూన్ 21

వదినగారికి,

నాలుగు పేజీలు ఒక్కరోజులో రాయడం నా వల్ల కాదు. రోజుకు ఏడెనిమిది వరుసలు. ఎక్కడ ఆపానో గుర్తుండటానికి పక్కన ఖాళీలో తేదీ వేస్తున్నాను. ఖాళీ వృథా అయిందని మళ్లీ అనకండి.

పదమూడో తేదీన పిల్లల్ని విడదీశారు. మీ తమ్ముడు ఒక్కొక్కదాన్ని వెనక కాళ్లు పట్టుకుని, ఛాతీ కింద చెయ్యి ఆనించి ఎత్తారు. ఇంకొకరైతే సంచుల్లా విసురుతారు. తల్లులు రెండు రోజులు కటకటాలను ముట్టెతో కొడుతూనే ఉన్నాయి. పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. అన్నీ మూలకు చేరి ఒకదాని మీద ఒకటి గుట్టగా పడుకున్నాయి. తొట్టి నిండా మేత ఉన్నా అది తిండని వాటికి తెలియదు. వెలుతురు గదుల్లో రెండో రోజుకల్లా ఏదో ఒకటి తొట్టిలో తల పెట్టింది, దాన్ని చూసి మిగతావి వెళ్లాయి. చీకటి గదుల్లో ఎవరిని చూసి ఎవరు నేర్చుకుంటారు? నాలుగు వారాలవి కాస్త గట్టివి, నిలదొక్కుకున్నాయి. మూడో గదిలోవి మరీ పసివి. ఒకదాని పొట్ట ఒకటి పొడుస్తూ పాలు వెతుక్కుంటాయి. పొట్టల మీద చర్మం ఎర్రబడింది.

(ఇక్కడికి పదిహేను. తర్వాతిది పదహారున.)

సాయంత్రాలు నేను ఇంట్లో ఉండలేను వదినా. కారణం రాయడానికి సిగ్గు. అందుకని ఆరింటికి మూడో గదికి వెళ్లిపోతాను. నాలుగు తర్వాత అటు ఎవరూ రారు. బకెట్టు బోర్లించుకుని కూర్చుని, తొమ్మిది దాకా మీకు రాసుకుంటూ ఉంటాను. అక్కడ నాకు భయం లేదు. మీ తమ్ముడు నిద్రపోయాక ఇంటికి వస్తాను.

ఆయన బాగానే తింటున్నారు. నవ్వడం సంగతి నాకు తెలియదు.

మీ మరదలు


జూన్ 24

అమ్మాయీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నా ఒళ్లు మండింది. మొగుడు నిద్రపోయేదాకా పెళ్లాం పందుల గదిలో బకెట్టు మీద కూర్చోవడమేమిటి? చెయ్యి చేసుకుంటున్నాడా? తాగుతున్నాడా? నాకు సిగ్గు అని ఒక్క మాట రాసి వదిలేస్తే నేనేమనుకోవాలి?

వాడికి ఈ పూటే విడిగా ఉత్తరం వేశాను. పందిపిల్లను ఎత్తేటప్పుడు ఛాతీ కింద చెయ్యి ఆనించడం తెలిసినవాడికి కట్టుకున్నదాన్ని ఎలా చూసుకోవాలో తెలియదా అని గట్టిగానే అడిగాను. ఇంకా చాలా అన్నాను. పెంచిన దాన్ని, అనే హక్కుంది.

నువ్వు రాయడం మాత్రం మానకు. ఇంకా ఎక్కువ రాయి. ఏ పూట ఏం జరిగిందో రాయి.

వదిన


జూలై 7

వదినగారికి,

మీరు ఎంత పని చేశారు. అది నా తప్పే, సరిగ్గా రాయలేదు.

ఆయన నా మీద చెయ్యి ఎత్తలేదు, గొంతు కూడా ఎత్తలేదు. సాయంత్రం కాగానే షెడ్డువాళ్లు నలుగురు మా వరండాలో పేకాటకు చేరతారు, అంతే సంగతి. వాళ్లలో ఒకడిని అందరూ రేడియో అంటారు. కంటికి కనబడిన ప్రతి కాగితాన్నీ పైకి చదవందే ఉండలేడు. మందు సీసా మీద చీటీని కూడా వార్తల్లా చదువుతాడు. మీకు నేను మొట్టమొదట రాసిన ఉత్తరం వాడి చేతిలో పడింది. నా తప్పులన్నీ నేను రాసినవి రాసినట్టే పలుకుతూ చదివాడు. అందరూ నవ్వారు. మీ తమ్ముడూ నవ్వారు. దాన్ని చింపేసి మీకు ఇంకొకటి రాశాను. అప్పటినుంచి నలుగురి ముందు కలం పట్టలేను. ఇంత చిన్న సంగతి రాయడానికి సిగ్గుపడి ఇంత పెద్దది చేశాను.

మీ ఉత్తరం ఆయన వరండా మెట్టు మీద కూర్చుని చదివారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నన్నేమీ అడగలేదు. అప్పటినుంచి అవసరానికి మించి ఒక్క మాట లేదు. పేకాట మాత్రం అదే రోజు వేరే ఇంటికి మార్పించారు. అందువల్ల ఇల్లు ఖాళీగానే ఉంటోంది, కానీ ఆ నిశ్శబ్దంలో నాకు కాలు నిలవడం లేదు. మళ్లీ మూడో గదికే వస్తున్నాను.

(ఒకటి నుంచి మూడో తేదీ దాకా జ్వరం. పొద్దున తూకం రాసి వచ్చి పడుకున్నాను, ఉత్తరం రాయలేదు. మళ్లీ నాలుగున.)

ఫారంలో ఒక వింత జరిగింది. మూడో గది వాటికి మేత ఎక్కుతోంది. రెండు వారాల్లో ఒకటో గదిని దాటేశాయి. యజమానికి పట్టరాని సంతోషం. మూడు వారాలకే విడదీసినా, చీకట్లో ఉంచినా ఇంత తింటున్నాయంటే ఇక అన్ని షెడ్లలోనూ అలాగే చేద్దాం, తల్లులు కూడా త్వరగా మళ్లీ కడుపుతో ఉంటాయి అంటున్నారు. డాక్టరమ్మ మాత్రం తల ఊపడం లేదు. నాలుగో గది అలా లేదే, మూడో గదికేమైంది అని రెండుసార్లు మీ తమ్ముణ్ణి అడిగారు, లైటు వేళకు ఆపుతున్నావా అని. ఆయన ఆపడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇది రాస్తుంటే నాలుగు పిల్లలు నా కాళ్ల దగ్గర చేరాయి. బ్యాటరీ దీపం వెలిగించగానే లేస్తాయి. నేను తొట్టిలో చెయ్యి పెట్టి మేత కదిపితే అన్నీ వచ్చి తింటాయి. నాకు తోడు.

ఆయనకు ఇంకో ఉత్తరం వేయండి వదినా, మీరు పొరపాటు పడ్డారని. నేను చెప్పలేను.

మీ మరదలు


జూలై 14

పిచ్చిదానా,

నేను పందుల గురించి చదువుకున్నదాన్ని కాదు. మా ఊళ్లో పంది కనబడితే రాయి విసరడమే ఎరుగుదును. అయినా నాకు తెలిసింది నీకు తెలియలేదా? చీకటి గది అన్నావు, నాలుగింటికి లైటు ఆపాలన్నావు, ఆరింటికి నువ్వే దీపం పట్టుకుని వెళ్లి మూడు గంటలు కూర్చున్నానన్నావు. పైగా తొట్టి కదిపి పిలిచి మరీ తినిపించానన్నావు. ఇంకా మూడో గదికేమైందని వింతపడుతున్నావు. మీ డాక్టరమ్మ వెతుకుతున్న లైటు నీ చేతిలోనే ఉంది.

నాలుగు పేజీలు కావాలని నిన్ను అక్కడ కూర్చోబెట్టింది నేనే. కాబట్టి నా మాట విను. ఈ పూటే దీపం మానెయ్. ఎవరితోనూ ఒక్క ముక్క అనకు. పందులు తింటే యజమానికి సంతోషమే కదా, ఎవరికి నష్టం? ఎవరైనా అడిగితే నాకు తెలియదను. నోరు మూసుకుని ఉండటం నీకు కొత్త కాదు.

వాడికి ఉత్తరం వేశాను. తప్పు నాదని రాశాను. అది రాయడానికి నాకు రెండు కార్డులు పాడయ్యాయి.

వదిన


జూలై 15

వదినగారికి,

ఇది ఇంటి నుంచే రాస్తున్నాను. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు ఇంకా పాడుగా ఉంటాయి.

నిన్న ఎనిమిది గంటలప్పుడు కాపలా మనిషి మూడో గది తలుపు కింద వెలుతురు చూశాడట. తెల్లారి యజమానికి చెప్పాడు. యజమాని మీ తమ్ముణ్ణి పిలిచి, లైటు ఆపకుండా ఇంటికి పోయి పడుకుంటున్నావా, అడిగితే అబద్ధం చెబుతావా అని అందరి ముందూ అన్నారు. ఈ నెలాఖరుకు పనీ, ఇల్లూ ఖాళీ చెయ్యమన్నారు. మీ తమ్ముడు తల వంచుకుని నిలబడ్డారు. ఆపాను అనైనా అనలేదు. ఎందుకు అనలేదు? తొమ్మిదేళ్ల పని వదినా. తల్లి పందులు ఆయన అడుగు వింటే లేచి నిలబడతాయి.

అది నా దీపం వెలుతురే. అంత చిన్న దీపం కూడా లైటే అవుతుందని నాకు తోచలేదు. లైటంటే పైనున్న బల్బే అనుకున్నాను. చెప్పాలని ఆఫీసు గది గుమ్మం దాకా రెండుసార్లు వెళ్లాను. లోపల నలుగురున్నారు. రెండుసార్లూ నీళ్ల బిందె తెచ్చుకోవడానికి వచ్చినదానిలా తిరిగొచ్చాను.

నేనేం చెయ్యాలి?

మీ మరదలు


జూలై 18

వదినగారికి,

మీరు పద్నాలుగున రాసింది ఇవాళ అందింది. ఎవరికి నష్టం అని అడిగారు. నా పదిహేనో తేదీ ఉత్తరం ఈపాటికి మీకు అంది ఉంటుంది, ఎవరికో తెలిసి ఉంటుంది.

రాత్రంతా ఆలోచించాను. మీ తమ్ముడిది ఒక్కటే కాదు. మూడు వారాలవి చీకట్లో బాగా తింటాయని యజమాని నమ్మేశారు. వచ్చే నెల నుంచి అన్ని షెడ్లలోనూ అలాగే విడదీస్తారు. ఆ గదుల్లో నేనుండను. పొట్టలు పొడుచుకుంటూ అవి మూలన పడుకుంటాయి. దానికి నా రిజిస్టరే సాక్ష్యం.

నా ఉత్తరాలు ఉంచారా? ఉంచితే జూన్ పదకొండు తర్వాత రాసినవన్నీ వెంటనే పంపండి. మధ్య రోజుల్లో రాసి పంపని కాగితాలు నా దగ్గరే ఉన్నాయి. నేను దీపం పెట్టానని ఊరికే నోటితో అంటే మొగుణ్ణి కాపాడుకోవడానికి చెబుతోందనుకుంటారు. పక్కన వేసిన తేదీలు చూపిస్తే కాదనలేరు. నోరు మూసుకోమన్నారు. ఈ ఒక్కదానిలో మీ మాట వినలేను.

మీ మరదలు


జూలై 22

మరదలికి,

ఉంచకుండా ఎలా ఉంటాను? నా దగ్గర ఉన్నవి అవే.

కవరులో పెడితే చినిగిపోతాయని గుడ్డ సంచిలో పెట్టి నాలుగు వైపులా కుట్టేశాను. కుట్టు విప్పేటప్పుడు బ్లేడుతో జాగ్రత్త, కాగితాలు తెగుతాయి. వాటిలో మన మాటలున్నాయి. ఎవరికి చూపించినా తేదీలే చూపించు.

నేను నిన్ను నోరు మూసుకోమన్నది నా తమ్ముడి మీదకు రాదనుకుని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాడు ఎందుకు మాట్లాడలేదో నాకు మాత్రం తెలుసు. నేను అంత ఉత్తరం రాశాక, ఇంట్లో ఉండలేక నువ్వు అక్కడ కూర్చుంటున్నావని వాడికీ అనిపించి ఉంటుంది. నా నోరే వాడి నోరు కట్టేసింది.

వెళ్లు. గొంతు రాకపోతే రాకపోనీ. నిలబడు చాలు.

వదిన


ఆగస్టు 2

వదినా,

సంచి ఇరవై ఏడున అందింది. అప్పటికే మీ తమ్ముడు ట్రంకు సర్దుతున్నారు. నేను ఆయనకు చెప్పకుండా సంచీ, నా దగ్గరున్న కాగితాలూ తీసుకుని ఆఫీసు గదికి వెళ్లాను. యజమాని, డాక్టరమ్మ, లైట్ల పని ఇకమీదట చూడబోతున్న రేడియో ఉన్నారు. ఉత్తరాలు బల్ల మీద పెట్టి వచ్చేద్దామనుకున్నాను. ఇంటి తాళమా అని యజమాని చెయ్యి చాపారు. ఇవేమిటి అని డాక్టరమ్మ అడిగారు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. ఇక పారిపోవడానికి లేదు.

"ఆయన రోజూ లైటు ఆపారండీ" అన్నాను. "దీపం నాది. మూడో గదిలో కూర్చుని ఉత్తరాలు రాసుకున్నాను. ఏ రోజు కూర్చున్నానో పక్కన ఉంది."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. యజమాని నవ్వి, ఉత్తరాలు రాసుకోవడానికి పందుల గదే దొరికిందా అన్నారు. రేడియో అలవాటుగా ఒక కాగితం అందుకోబోయాడు. డాక్టరమ్మ వాడి చెయ్యి తోసేసి, ఒక్కో పేజీని నిలువుగా మడిచారు, మధ్యలో రాత కనబడకుండా, అంచున తేదీలు మాత్రం కనబడేట్టు. రిజిస్టరు తెరిచి నన్ను చదవమన్నారు. నేను తేదీ చదివితే ఆవిడ మేత తూకం చూశారు. జూలై ఒకటి, రెండు, మూడు రాగానే వేలు ఆగింది. ఆ మూడు రోజులూ మేత సగానికి పడిపోయి ఉంది. ఈ రోజులు లేవేం అన్నారు. జ్వరమండీ అన్నాను.

ఆవిడ నన్ను మెచ్చుకుంటారని అనుకోకండి. ముఖం ఎర్రగా చేసుకున్నారు. "ఆరు వారాల పని" అన్నారు. "దీపం ఉన్నందుకు తిన్నాయో, నువ్వు మేత కదిపినందుకు తిన్నాయో, పక్కన మనిషి ఉన్నందుకు తిన్నాయో నేను చెప్పలేను. చెప్పలేనిదాన్ని లెక్కలో ఉంచలేను." మూడో గది పేజీలన్నిటి మీదా ఎర్రగీత కొట్టేశారు. నేను గుండ్రంగా రాద్దామని కష్టపడ్డ అంకెలు. తర్వాత యజమాని వైపు తిరిగి, మిగిలిన గదుల్లో నాలుగు వారాలుండి వెలుతురులో పెరిగినవే బాగున్నాయి, మూడో గదిని మళ్లీ మొదటినుంచి చేసేదాకా ఏ షెడ్డులోనూ ఏదీ మార్చడానికి వీల్లేదు అన్నారు. యజమాని గొణుక్కున్నారు. మరి అతని సంగతి అని ఆవిడే అడిగారు. ఉండమనండి అన్నారు యజమాని. క్షమించమని అనలేదు. రిజిస్టరు నా చేతిలోంచి తీసి, ఇకమీదట నీ భార్య రాస్తుందని రేడియోకు ఇచ్చారు. అది న్యాయమే.

ఇంటికొచ్చేసరికి మీ తమ్ముడు పరుపు చుట్టి తాడు బిగిస్తున్నారు. వెళ్లక్కర్లేదు అని చెప్పి, జరిగిందంతా చెప్పాను. దీపం నాదని చెప్పినప్పుడు ఆయన తాడు వదల్లేదు, తల ఎత్తలేదు.

"నాకు తెలుసు" అన్నారు.

తెలిసి ఎందుకు ఊరుకున్నారని అడిగాను. బిగించిన ముడి విప్పడం మొదలుపెట్టారు. మీరనుకున్నది కొంతవరకు నిజమే వదినా, కానీ మొత్తం అది కాదు. ఆయన అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"తలుపు సందులోంచి చూశాను. ఒకరోజు కాదు. రాస్తూ రాస్తూ నీలో నువ్వే నవ్వుకుంటావు. నా ఎదురుగా ఒక్కసారి కూడా అలా నవ్వలేదు. మా అక్కకు నా మీద చాడీలు రాసి నవ్వుకుంటున్నావనుకున్నాను. అయితేనేం అనుకున్నాను. డాక్టరమ్మ అడిగిన రోజే అర్థమైంది ఏం జరుగుతోందో. చెబితే దీపం ఆపేస్తారు. ఆ తర్వాత నేను ఎక్కడికి వెళ్లి చూడాలి?"

ఆయన పక్కన ట్రంకు మీద కూర్చున్నాను. మీ ఉత్తరాలు చదివి వినిపించమన్నారు. పోస్టువాడి ముద్ర గురించి మీరు రాసింది చదువుతుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. అప్పుడు ఆయన నా వైపు చూశారు. నేను తల దించుకోలేదు.

ఇదే కవరులో ఇంకో కాగితం ఉంది. మేము క్షేమమని, పని నిలిచిందని అందులో రాశాను. పోస్టు చేసేముందు ఆయన చదివింది అది. దాన్ని ఉంచుకోండి. ఈ ఉత్తరం మాత్రం మిగతావాటితో కలిపి దాచకండి. ఆయన తలుపు సందులోంచి చూశారని అక్కకు తెలుసని తెలిస్తే, సిగ్గుతో మళ్లీ నా వైపు కన్నెత్తరు. ఆ చూపు నాకిప్పుడు కావాలి వదినా. చదవగానే దీన్ని కాల్చేయండి.

మీ మరదలు